గంగపాలైన వల

(నవంబర్ 21, ప్రపంచ మత్స్యకారుల దినోత్సవం నాడు కర్నూలులో మత్స్యకార సహకార సంఘాల సభ్యుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సంఘం పెద్దలకు, పొద్దున్నే పుట్టి ఒడ్డున బోర్లించి ఇంత దూరం వచ్చిన అన్నదమ్ములకు, చేపల బుట్ట ఇంకొకరికి అప్పజెప్పి వచ్చిన అక్కచెల్లెళ్లకు, వెనక నిలబడి వింటున్న కాలేజీ పిల్లలకు నమస్కారం. అనంతపురం నుంచి, కడప నుంచి వచ్చిన సంఘాల వాళ్లు కూడా ఉన్నారని ఇప్పుడే చెప్పారు. చాలా సంతోషం.

నన్ను మీలో చాలామంది ఎరుగుదురు. ముప్పై ఏళ్లుగా పాతబస్తీలో వలల అంగడి నడుపుతున్నాను. దారం, వలను తేల్చే బెండ్లు, ముంచే సీసం గుళ్లు, తాళ్లు, అల్లిన వల, మీరు ఏది అడిగితే అది తూచి ఇచ్చాను. మైకు ముందు నిలబడడం నాకు అలవాటు లేదు. అయినా ఈసారి మాట్లాడతానని నేనే అడిగి వచ్చాను. ఎందుకంటే ఇన్నేళ్లలో మీ నోట నేను ఎక్కువసార్లు విన్న మాట ఒకటుంది. "పాత వల ఏమైందన్నా?" అంటే, "గంగపాలైంది" అంటారు. నేను అయ్యో అనేవాణ్ణి. కొత్త వల తూచేవాణ్ణి. మీరు డబ్బుల బెంగతో ఇంటికి పోయేవాళ్లు. నేను గల్లాపెట్టె మూసేవాణ్ణి. పోయిన వల సంగతి అక్కడితో ఇద్దరం మర్చిపోయేవాళ్లం.

గంగపాలైంది అంటే ఇక లేదు అని కదా మన అర్థం. ఆ అర్థం తప్పని నాకు మూడేళ్ల కిందట తెలిసింది. ఆ పొద్దున సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

మే నెల. ఇంట్లోవాళ్లతో సంగమేశ్వరం పోయాను. శ్రీశైలం డ్యాము నిండితే ఆ గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉంటుందని మీకు చెప్పక్కర్లేదు. నీళ్లు దిగేకొద్దీ ముందు శిఖరం, తర్వాత గోడలు, చివరికి లోపలి వేపమొద్దు శివలింగం బయటపడతాయి. దర్శనం అయ్యాక నేను ఒక్కణ్ణే నీటి అంచు దాకా నడిచాను. నేలంతా పర్రెలు విచ్చి ఉంది. ఒక చోట ఎప్పటిదో చెట్టు మొద్దు. దానికి పచ్చగా ఏదో చుట్టుకుని కనపడింది. తీగ అనుకున్నాను. దగ్గరికి పోతే వల.

సగం బురదలో పూడి ఉంది, సగం పైన ఎండలో. పైతాడుకు బెండ్లు ఇంకా వరసగా ఉన్నాయి. కూర్చుని దారం వేళ్ల మధ్య నలిపి చూశాను. ఆ పచ్చ రంగు, ఆ పురి నాకు తెలుసు. నా అంగడి సరుకే. వల కన్ను కన్నుకూ చేప ముళ్లు తగులుకుని ఉన్నాయి. కొన్ని చేపలు తలతో సహా ఎండి, కాగితంలా అయిపోయాయి. ఒక నీటికాకి రెక్క. ఇంకొంచెం కిందికి లాగితే చిన్న తాబేలు డిప్ప వచ్చింది, అరచేయంత. లోపల ఏమీ లేదు, ఎముకలే. ఒక కాలి ఎముకకు దారం మూడు చుట్లు చుట్టుకుని ఉంది. అది ఎంత కొట్టుకుంటే అన్ని చుట్లు పడి ఉంటాయి!

వల కింది కొస ఇంకా నీళ్లలో ఉంది, మోకాలి లోతు. అక్కడ నీళ్లు కదిలాయి. చెయ్యి పెడితే జెల్ల చేప. బతికే ఉంది. మొప్పల దగ్గర దారం తెగేలా కోసుకుపోయింది. చాకుతో కన్ను కోసి వదిలాను. పోయింది. బతికిందో లేదో నాకు తెలియదు. కానీ ఎవరో ఎప్పుడో పోగొట్టుకున్న వల, ఆ పొద్దున కూడా నీళ్లలో వేట చేస్తూనే ఉంది. తీసేవాడు లేడు, తినేవాడు లేడు, అమ్మేవాడు లేడు.

పక్కన పుట్టిలో ఒక పెద్దాయన ఉన్నాడు. "ఇది ఎవరిది తాతా?" అని అడిగాను. "ఎవరిదని చెప్పేది నాయనా! మూడేండ్ల నుంచి చూస్తానే ఉండా. నీళ్లొస్తే మునుగుతాది, నీళ్లు పోతే తేలుతాది. యాడికి పోతాది, ఈడనే ఉంటాది" అన్నాడు.

యాడికి పోతాది, ఈడనే ఉంటాది. నేను ఈ రోజు చెప్పదల్చుకున్నదంతా ఆ తాత ఒక్క మాటలో చెప్పేశాడు. నేను కేవలం వివరం చెబుతాను.

మా నాయన కాలంలో నూలు వలలు. చెట్టు బెరడు కాచి, ఆ కషాయంలో వల ముంచి, ఎండబెట్టేవాళ్లు. వేట నుంచి వచ్చాక ఆరబెట్టడం మర్చిపోతే కుళ్లిపోయేది. ఒక మనిషి పని ఆరబెట్టడానికే సరిపోయేది. అలాంటి వల నీళ్లలో పోతే కొన్ని నెలల్లో మట్టిలో కలిసేది. గంగపాలు అన్న మాట ఆ వలకు సరిగ్గా సరిపోయింది. మన దేశంలో నైలాన్ వలలు 1950ల చివర్లో మొదలై, తర్వాతి ఇరవై ఏళ్లలో మూలమూలకూ చేరాయి. తేలిక, గట్టి, కుళ్లదు, నీళ్లలో కనపడదు. మత్స్యకారుడి వీపు మీద బరువు సగం తగ్గించింది నైలానే. నూలు వలలకు తిరిగి పొమ్మని నేను ఎవరికీ చెప్పను. అలా చెప్పే హక్కు మెట్ట మీద కూర్చున్నవాడికి లేదు. నేను చెప్పేది ఒకటే, వస్తువు మారింది, మన మాట మారలేదు. నూలు వల గంగపాలవుతుంది. నైలాన్ వల కాదు.

సంగమేశ్వరంలో తీసిన ఫోటోలు మా పెద్దమ్మాయికి పంపాను. అది ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదివింది. "నాన్నా, దీన్ని ఘోస్ట్ నెట్ అంటారు" అంది. దెయ్యం వల. మనిషి పోయినా వేట మానని వల. ప్రపంచమంతా దీని మీద పని చేస్తోందని, పెద్ద లెక్కలున్నాయని అప్పుడే విన్నాను. ఆ తర్వాత అది పంపినవన్నీ చదివాను, అర్థం కానివి ఫోన్ చేసి అడిగాను.

దెయ్యం వల ఎలా పని చేస్తుందో మీకు నాకంటే బాగా అర్థమవుతుంది. చేప తగులుతుంది. దాని వాసనకు పెద్ద చేప వస్తుంది, అదీ తగులుతుంది. బరువుకు వల అడుగుకు కుంగుతుంది. ఎండ్రకాయలు, పురుగులు తినేస్తాయి, కొంత కుళ్లిపోతుంది. బరువు తగ్గితే బెండ్లు మళ్లీ వలను పైకి లేపుతాయి. మళ్లీ మొదలు. స్వీడన్ వాళ్లు బాల్టిక్ సముద్రంలో కాడ్ చేపల వలలను కావాలని అడుగున వదిలి, నెలల తరబడి లెక్క చూశారు. మూడు నెలలకు వల పట్టే శక్తి మామూలులో అయిదో వంతుకు తగ్గింది. కొందరు దీన్ని చూసి, మరి తగ్గిపోతుంది కదా, భయమెందుకు అంటారు. కానీ 27 నెలల తర్వాత కూడా అది నూటికి అయిదారు వంతులు పడుతూనే ఉంది. రెండేళ్లు దాటాక! ఒక్క వలకే ఈ లెక్క. ఆ వలలు ఎన్ని ఉన్నాయో తెలిస్తే తల తిరుగుతుంది.

2022లో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. ఏడు దేశాల్లో 450 మంది దాకా మత్స్యకారులను కూర్చోబెట్టి, ఏడాదిలో మీది ఏం పోయింది, ఎంత పోయింది అని అడిగి వేసిన లెక్క అది. ప్రపంచంలో వాడే వేట సామానులో ఏటా వందకు సుమారు రెండు పాళ్లు నీటిపాలవుతోందని తేలింది. రెండే కదా అనిపిస్తుంది. ఆ రెండు పాళ్లలో చేపల గుంపును చుట్టేసే రింగు వలలు, చేప మొప్పల దగ్గర చిక్కే తగులు వలలు కలిపి పరిస్తే 78 వేల చదరపు కిలోమీటర్లు. మన పాత నాలుగు జిల్లాలు, కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు, మొత్తం రాయలసీమ విస్తీర్ణం కలిపితే సుమారు 67 వేల చదరపు కిలోమీటర్లు. అంటే ఆదోని నుంచి కుప్పం దాకా, తాడిపత్రి నుంచి బద్వేలు దాకా, మన సీమ మొత్తాన్ని ఒక్క వలతో కప్పి, ఇంకా మిగులుతుంది. ఇది ఒక్క ఏడాదిది. గాలాలు కట్టే పొడుగు తాళ్లయితే 7 లక్షల 39 వేల కిలోమీటర్లు, భూమికి పద్దెనిమిది చుట్లు చుట్టొచ్చు. పసిఫిక్ మహాసముద్రం నడుమ తేలుతున్న చెత్త దిబ్బ గురించి పిల్లలు పుస్తకాల్లో చదివే ఉంటారు. 2018లో వచ్చిన అంచనా ప్రకారం, ఆ బరువులో 46 శాతం చేపల వలలే.

ఇవి ఎందుకు పోతాయి? మత్స్యకారుడు నిర్లక్ష్యంగా పారేస్తాడని బయటివాళ్లు సులభంగా అనేస్తారు. ఆ మాట వింటే నాకు బాధగా ఉంటుంది. అప్పు చేసి కొన్న వలను ఎవడు పారేస్తాడు? నా అంగడిలో వల కొనేవాళ్లలో సగం మంది షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకుని కొంటారు. వల పోయినా అప్పు పోదు. సముద్రంలో తుపాను వస్తుంది. విశాఖ మీదికి 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు పడవలే ముక్కలైపోయాయి, వలలను ఎవరు లెక్కపెడతారు? రాళ్లకు, మునిగిన ఓడలకు వల పట్టేస్తుంది. చీకట్లో మరబోటు వచ్చి చిన్న పడవ వేసిన వలను కోసుకుంటూ పోతుంది. ఇవన్నీ పోగొట్టుకున్న వలలు. చినిగిన ముక్కలను నీళ్లలో విసిరేసేవాళ్లు లేరని నేను అనను, ఉన్నారు. హార్బరులో ఆ ముక్కలు వేయడానికి ఒక చోటు లేకపోతే అదే జరుగుతుంది. పారేసినవాడు వేరు, పోగొట్టుకున్నవాడు వేరు. ఇద్దరినీ ఒక గాటన కడితే పోగొట్టుకున్నవాడు నోరు మూసుకుంటాడు. వాడు నోరు మూసుకుంటే వల ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అసలు కష్టం అక్కడే ఉంది.

ఆలివ్ రిడ్లే తాబేళ్ల గురించి ఒక్క మాట. చలికాలం చివర్లో అవి మన ఆంధ్ర తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. తాబేలు నీళ్లలో బతుకుతుంది కానీ ఊపిరి పైకి వచ్చి తీసుకోవాల్సిందే. వలలో కాలు పడితే అది నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. సంగమేశ్వరంలో నాకు దొరికిన ఆ అరచేయంత డిప్పను ఇంటికి తెచ్చుకున్నాను. అంగడిలో త్రాసు పక్కన పెట్టుకున్నాను. అది చూసినప్పుడల్లా ఆ మూడు చుట్లు గుర్తొస్తాయి.

ఇదంతా సముద్రం గొడవ, సముద్రం లేని సీమలో మనకెందుకని ఎవరైనా అనుకుంటూ ఉంటే, తుంగభద్ర సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలుస్తుందని, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుందని గుర్తు చేస్తాను. అనంతపురం, కడప వాళ్ల పెన్న నెల్లూరు దాటి సముద్రంలోకే పోతుంది. మధ్యలో డ్యాములు ఆపవా అంటే, సగం ఆపుతాయి. మునిగే నైలాన్ మన డ్యాము అడుగునే ఉండిపోతుంది. తేలే తాళ్లు, బెండ్లు గేట్లు ఎత్తినప్పుడు నీళ్లతో పాటే పోతాయి.

2009 అక్టోబర్ వరద ఇక్కడున్న పెద్దవాళ్లు ఎవరూ మర్చిపోరు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చాయి. నా అంగడి కప్పు దాకా మునిగింది. నాలుగో రోజు షట్టర్ ఎత్తితే లోపల బురద తప్ప ఏమీ లేదు. గోడౌన్‌లో కట్టలు కట్టలుగా ఉన్న కొత్త వలలు, తాళ్లు అన్నీ పోయాయి. నా నష్టం సంగతి అప్పుడు బాగా ఏడ్చాను, ఇప్పుడు చెప్పను. కానీ ఆ తర్వాత చాలా ఏళ్లు, తుంగభద్ర ఒడ్డున తుమ్మచెట్ల కొమ్మలకు మనిషి అందనంత ఎత్తులో వలలు వేలాడుతూ ఉండేవి. బస్సులో పోతూ చూసేవాణ్ణి. అవి నావో కావో తెలియదు. నా వలల్లో ఎన్ని సముద్రం దాకా పోయాయో అదీ తెలియదు. పాత కర్నూలులో మునిగిన ఒక అంగడి వలలో ఏదో ఒక తాబేలు కాలు పడి ఉండొచ్చని నేను ఇప్పుడు అనుకుంటాను. అందుకే సముద్రం నాకు దూరం కాదు.

ఇక పోయిన వలను వెనక్కి తేవడం ఎలా అన్నది. సముద్రంలో ఇది చాలా కష్టమైన పని. కొక్కేలున్న లంగరును పడవకు కట్టి అడుగున ఈడుస్తారు, వల తగులుకుంటే లాగుతారు. నార్వే ప్రభుత్వం 1983 నుంచి ఏటా ఓడ పంపి ఇదే పని చేయిస్తోంది. అక్కడ వల పోతే ముందు నువ్వే వెతకాలి, దొరకకపోతే ఎక్కడ పోయిందో ప్రభుత్వానికి చెప్పాలి. చెబితే కేసు పెట్టరు, వెతికి తెస్తారు. మన విశాఖ దగ్గర డైవర్లు గాలి సిలిండర్లు కట్టుకుని అడుగుకు దిగి, రాళ్లకు చుట్టుకున్న వలలను కోసి పైకి తెచ్చిన సందర్భాలున్నాయి. అది ప్రాణం మీది పని. వల తాబేలును పట్టినట్టే డైవరునూ పడుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది అమెరికాలో వర్జీనియా అనే చోట చేసింది. అక్కడ పీతలు పట్టే ఇనుప బుట్టలు నీళ్లలో వేలకొద్దీ పోయేవి. 2008 నుంచి ఆరేళ్ల పాటు, చలికాలం పని లేక ఇంట్లో కూర్చున్న మత్స్యకారులకే కూలి ఇచ్చి, అడుగు చూపించే యంత్రాలు పడవలకు బిగించి, వాళ్లతోనే వెతికించారు. 34 వేలకు పైగా బుట్టలు బయటికి తీశారు. ఎందుకు నచ్చిందంటే, పోయిన సామాను ఎక్కడ ఉంటుందో తెలిసింది పోగొట్టుకున్నవాడికే. వాణ్ణి దొంగలా చూడకుండా పనివాడిగా పిలిచారు.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. సముద్రం అడుగు ఎవరికీ కనపడదు. మన డ్యాముల అడుగు ఏటా ఎండాకాలం కనపడుతుంది! శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. ఏప్రిల్, మే వచ్చేసరికి ఎంత కిందికి దిగుతుందో మీరు రోజూ చూస్తారు. అక్కడ మునిగిన పల్లెల మొండి గోడలు, బావుల వరలు, నరికేసిన చెట్ల మొదళ్లు, మీ వలలు పట్టేసుకునేవన్నీ అప్పుడు బయటపడతాయి. గండికోట నీళ్లలో మునిగిన ఇళ్ల సంగతి కడప వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. నార్వే వాళ్లు ఓడలు పంపి, విశాఖ పిల్లలు ప్రాణాలు పణంగా పెట్టి చేసే పనిని మనం చెప్పులేసుకుని నడిచి చేయొచ్చు. ఒక చాకు, ఒక గోనెసంచి చాలు. ఈ సౌకర్యం ఎవరికుంది?

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో నేను, మా అంగడి కుర్రాడు, మీలో ఆరుగురు కలిసి ఒక పొద్దున అలా నడిచాం. ఆ ఆరుగురూ ఇక్కడే ఉన్నారు. ఆ అనుభవంతో కొన్ని జాగ్రత్తలు చెబుతాను. ఒండ్రు పైన ఎండినట్టు కనపడుతుంది, కింద మెత్తగా ఉంటుంది. నడుము దాకా దిగబడిపోతారు. కర్రతో పొడిచి చూసి అడుగు వేయండి. ఒక్కరే పోవద్దు. నీళ్ల అంచున మొసలి ఉంటుంది, చీకటితో దిగవద్దు. శ్రీశైలం వెనకనీళ్లలో చాలా భాగం పులుల అభయారణ్యం కిందికి వస్తుంది, అటవీ శాఖ అనుమతి ముందే సంఘం పేరుతో తీసుకోవాలి. పూడిన వలను బలంగా లాగవద్దు, తెగి సగం లోపలే ఉండిపోతుంది. చుట్టూ తవ్వి తీయాలి. ఇంకొకటి, దయచేసి అక్కడే కుప్ప పోసి తగలబెట్టవద్దు. నల్లటి పొగ మీ ఊపిరిలోకే పోతుంది, కరిగిన ముద్ద మళ్లీ నీళ్లలోకే పోతుంది.

ఆ రోజు ఒక వల తూచాం. బురదతో 41 కిలోలు. కడిగి, ఆరబెట్టి, గుళ్లు తీసి తూచితే తొమ్మిది కిలోలు. మిగతా 32 కిలోలూ మట్టి, నీళ్లు, నాచు, సీసం. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే కష్టమంతా ఇందులోనే ఉంది. ఆ వలలను పాత సామాను కొనే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. ప్లాస్టిక్ సీసాలు, డబ్బాలు అన్నీ కొంటాడు. వలను చూసి చెయ్యి అడ్డంగా ఊపాడు. "సార్, ఇది మిషన్‌లో వేస్తే షాఫ్టుకు చుట్టుకుంటాది. బ్లేడ్లు కోయలేవు. మిషన్ ఆపి, కత్తితో కోసి తీయడానికి పూట పడతాది. ఉచితంగా ఇచ్చినా వద్దు" అన్నాడు. అతని మాటలో తప్పు లేదు. చేపను చుట్టేది మిషన్‌నూ చుట్టేస్తుంది. అందుకే మనం ముందే చేయాల్సిన పని కొంత ఉంది.

ఈ బల్ల మీద బక్కెట్టు ఎందుకు పెట్టానా అని మీరు చూస్తున్నారు. దగ్గరికి రండి, పిల్లలను ముందుకు రానివ్వండి. ఇవి మూడు ముక్కలు. ఇది మీ తగులు వల, నైలాన్. ఇది మరబోట్ల వాళ్లు సముద్రం అడుగున లాగే వల ముక్క, కాకినాడ నుంచి తెప్పించాను, హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్. ఇది పైతాడు, పాలీప్రొపిలీన్ అనే ఇంకో ప్లాస్టిక్. మూడింటినీ నీళ్లలో తడిపి, చేత్తో బాగా పిసకాలి, ముడుల్లో గాలి ఉంటే లెక్క తప్పుతుంది. ఇదిగో వేస్తున్నాను. చూడండి, నైలాన్ మునిగింది. మిగతా రెండూ తేలాయి. నైలాన్ నీళ్లకంటే బరువు, అవి రెండూ తేలిక. ఒక్క బక్కెట్టుతో మీ ఇంటి ముందే నైలాన్‌ను వేరు చేయొచ్చు. నాకు ఇది ఎంత సంతోషమిచ్చిందో చెప్పలేను. ముప్పై ఏళ్లు ఈ మూడింటినీ వేరువేరు అరల్లో పెట్టి అమ్మాను, నీళ్లలో వేసి ఎప్పుడూ చూడలేదు.

వేరు చేయడం ఎందుకంటే, ఒక్కోదానికి ఒక్కో దారి ఉంది. నైలాన్ సుమారు 220 డిగ్రీల దగ్గర కరుగుతుంది, హెచ్‌డీపీఈ 130 దగ్గరే కరుగుతుంది. రెండూ కలిసిపోతే ఒకటి మాడుతుంది, ఒకటి కరగదు, దేనికీ పనికిరాని ముద్ద వస్తుంది. తేలే రకాలను ఒక్కొక్కటీ విడిగా కడిగి, ముక్కలు చేసి, కరిగించి గింజలుగా చేస్తే, వాటితో మళ్లీ తాళ్లు, బుట్టలు, తొట్లు చేయొచ్చు. నైలాన్‌ది ఇంకా గొప్ప సంగతి. మన వలల్లో వాడేది ఎక్కువగా నైలాన్ 6 అనే రకం. దాన్ని రసాయన పద్ధతిలో విడగొడితే అది ఏ పదార్థం నుంచి పుట్టిందో మళ్లీ అదే అవుతుంది, కాప్రోలాక్టమ్. దాని నుంచి మళ్లీ కొత్త దారం తీయొచ్చు. ఇటలీకి చెందిన ఆక్వాఫిల్ అనే కంపెనీ 2011 నుంచి పాత వలలు, పాత తివాచీల నుంచి ఇలా దారం తీసి అమ్ముతోంది. ఫిలిప్పీన్స్‌లో 2012 నుంచి బీద మత్స్యకార పల్లెల్లో పాత వలలు కిలోల లెక్కన కొని, ఆ దారంతో తివాచీలు చేయించారు. చేపకు ఉరి అయిన దారం ఎవరి ఇంట్లోనో కాళ్ల కిందికి మెత్తగా వచ్చింది.

సీసం గుళ్ల గురించి గట్టిగా చెబుతున్నాను. వల నుంచి తీసిన సీసాన్ని ఇంటి పొయ్యి మీద కరిగించి మళ్లీ గుళ్లు పోసుకునేవాళ్లు మనలో ఉన్నారు. నేను చూశాను, అన్నం వండే పొయ్యి పక్కనే. ఆ ఆవిరి పిల్లల బుర్రలను పాడు చేస్తుంది. వద్దు తల్లీ. గుళ్లను అలాగే తీసి కొత్త వలకు కట్టుకోండి, లేదా నాకివ్వండి.

అనంతపురం వాళ్లు ఒక ప్రశ్న వేస్తారని నాకు తెలుసు. పాత వలలు చేను చుట్టూ కడతాం కదా, అది మంచి ఉపయోగమే కదా అని. నిజమే, వేరుశనగ చేలకు అడవి పందులు రాకుండా పాత చీరలతో పాటు పాత వలలూ కడుతున్నారు. నా దగ్గరే కొని తీసుకెళ్లిన రైతులున్నారు. అందులో రైతు తప్పేమీ లేదు, ఇనుప కంచె వేసే స్తోమత ఎందరికి ఉంది? కానీ నేలకు ఆనుకుని కట్టిన వలలో జెర్రిపోతు చిక్కుకుని, రెండు రోజులు కొట్టుకుని చచ్చి ఉండడం నేను కళ్లారా చూశాను. ఎలుకలను తినే పామును మనమే చంపుకున్నాం. పైగా ఆ ఎండకు మూడు నాలుగేళ్లలో నైలాన్ పెళుసుబారి, పట్టుకుంటే పొడి అవుతుంది. ఆ పొడి చేలోనే కలుస్తుంది. కట్టేవాళ్లు నేల నుంచి జానెడు ఎత్తు వదిలి కట్టండి. పెళుసుబారకముందే విప్పి ఇవ్వండి.

డబ్బుల సంగతి మాట్లాడకపోతే ఇదంతా ఉత్త మాటే. దక్షిణ కొరియాలో 2003 నుంచి, వేటకు పోయినవాడు సముద్రంలో దొరికిన పాత వలలు, చెత్త సంచుల్లో నింపి తెస్తే, సంచి లెక్కన డబ్బిస్తున్నారు. కేరళలో కొల్లం దగ్గర నీండకరలో 2017లో శుచిత్వ సాగరం అని మొదలుపెట్టారు. వలలో చేపతో పాటు వచ్చిన ప్లాస్టిక్‌ను నీళ్లలోకే విసరకుండా ఒడ్డుకు తెస్తే, అక్కడ కడిగి, ముక్కలు చేసి, రోడ్లు వేయడానికి పంపారు. ఆ కడిగి వేరు చేసే పని ఆడవాళ్లకు జీతం వచ్చే పని అయింది. మన దగ్గర కూడా ఆడవాళ్లే వలలు బాగు చేస్తారు, ఏ దారం ఏదో చేత్తో పట్టుకుని చెబుతారు. ఈ పని వాళ్ల చేతికే రావాలని నా కోరిక.

నేను చేస్తున్నది చిన్నది. రెండేళ్లుగా, కొత్త వల కొనేవాళ్లు పాత వలను కడిగి, ఆరబెట్టి, గుళ్లు తీసి తెస్తే కిలోకు 15 రూపాయలు బిల్లులో తగ్గిస్తున్నాను. అంగడి వెనక గది నిండిపోయింది. కొనేవాళ్లు ఉన్నారు, కానీ దూరం. లారీ నిండా సరుకుంటేనే వస్తామంటారు, గదెడు సరుకు కోసం రారు. అందుకే మిమ్మల్ని అడగడానికి వచ్చాను. సుంకేసుల, శ్రీశైలం వెనకనీళ్లు, అవుకు, గండికోట, మైలవరం, బ్రహ్మంసాగర్, పెన్నహోబిలం సంఘాలన్నీ ఒక్కో చోట ఒక షెడ్డు చూపిస్తే, ఏడాదికి ఒక లారీ కచ్చితంగా నిండుతుంది. మత్స్యశాఖ అధికారులు ముందు వరుసలో కూర్చున్నారు. మీరు చేయాల్సింది పెద్ద ఖర్చు కాదండీ. చేపలు దించే చోట ఒక షెడ్డు, ఒక త్రాసు. వల పోయిందని చెప్పినవాణ్ణి ఏం వల వేశావని అడగకుండా ఉండే మనసు.

ఎందుకంటే అలివి వలలు నిషేధమని మనందరికీ తెలుసు. చిన్న చేపపిల్లలను కూడా ఊడ్చేసే వల అది, నిషేధం సరైనదే, నేను అమ్మను. కానీ అది వేసి పోగొట్టుకున్నవాడు భయపడి చెప్పకపోతే, అన్నిటికంటే సన్న కన్నుల వల అడుగునే ఉండిపోతుంది. అన్నిటికంటే ఎక్కువ చంపేది అదే.

అందుకే ఈ నోటుబుక్కు తెచ్చాను. ఇందులో పేరు రాయనక్కర్లేదు, ఫోన్ నంబరు వద్దు. వల ఎక్కడ పోయిందో ఆ చోటు రాస్తే చాలు. గుర్తుకు ఒక చెట్టు, ఒక గుడి, ఒక మొండి గోడ. ఎంత పొడుగు, కన్ను ఎంత. రాయడం రాకపోతే పక్కన కాలేజీ పిల్లలున్నారు, మీరు చెబితే రాస్తారు. మీటింగు అయ్యాక బల్ల మీదే ఉంటుంది, రేపటి నుంచి నా అంగడిలో త్రాసు పక్కన ఉంటుంది. ఏప్రిల్ వచ్చి నీళ్లు దిగగానే ఈ బుక్కు పట్టుకుని నడుస్తాం.

మొదటి పేజీ ఖాళీగా లేదు. పోయిన నెల ఒక తమ్ముడు అంగడికి వచ్చి కొత్త వల కొని, డబ్బులు లెక్కపెడుతూ చెబితే రాసుకున్నాను. భవనాశి ఏరు కలిసే చోటికి అవతల, రెండు మొద్దుల మధ్య, మూడు కట్టల పచ్చ నైలాన్, కన్ను మూడు వేళ్లు, బెండ్లు తెల్లవి.